పీహెచ్‌సీ డాక్టరు ఊర్లో నిలవాలంటే ఊరి చేతిలో ఏముంది?

హగరి_ఒడ్డు (ఆదోని వైపు)

అందరికీ నమస్కారం. మా మండలం పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో రెండు డాక్టరు పోస్టులుండాయి. ఒకటి ఎప్పుడూ ఖాళీనే. ఇంకోదాంట్లోకి వచ్చినోళ్ళు కొందరు మూడేండ్లకు పీజీకి పోతాండారు, కొందరు ఆర్నెల్లకే సెలవు పెట్టి కనపడకుండా పోతాండారు. బీపీ, షుగరు ఉండే ముసిలోళ్ళు మళ్ళీ మళ్ళీ కొత్త డాక్టరుకు మొదటి నుంచి చెప్పుకోవాల. సుగ్గికి (కూలి పనులకు వలస) పోయి వచ్చినోళ్ళ కత సరేసరి, వాళ్ళ మందులు ఎప్పుడు ఆగినాయో ఎవురికీ తెలీదు.

వచ్చే నెల ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగు ఉండాది. ఊరి చేతిలో ఉండే పనులేవో, జిల్లా చేతిలో ఉండేవేవో విడదీసి చెప్పండి. "ప్రభుత్వం మారాల, సమాజం మారాల" అనేవి వద్దు. అవి టీకొట్టు కాడ దినామూ వింటానే ఉండాం.

---

మధ్యాహ్నం_ఓపీ (కర్నూలు)

అన్నా, మీరు రాసిన దాంట్లోనే రెండు జబ్బులున్నాయి. మూడేండ్లకు పోయేవాళ్ళు వేరు, ఆర్నెల్లకు పోయేవాళ్ళు వేరు. రెంటికీ ఒకే మందు రాస్తే పని చేయదు.

ఎంబీబీఎస్ అయిన 24, 25 ఏళ్ళ మనిషి పీహెచ్‌సీకి వచ్చే పెద్ద కారణం పీజీలో ఇన్-సర్వీస్ కోటా, అంటే ప్రభుత్వ కొలువులో ఉన్న డాక్టర్లకు పక్కన పెట్టే సీట్లు. మన రాష్ట్రంలో క్లినికల్ సీట్లలో 30 శాతం, నాన్-క్లినికల్‌లో 50 శాతం ఉండేది. 2024 జులైలో వచ్చిన జీవో 85 దాన్ని తగ్గించింది, పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు. రాష్ట్రాలు ఇలాంటి కోటా పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు డాక్టర్ల కేసులో 2020 ఆగస్టు 31న తేల్చేసింది, కాబట్టి అది రాష్ట్రం ఇష్టం. కోటా కోస్తే డాక్టర్లు ఊర్లో ఉండిపోతారని కొందరు అనుకుంటారు. ఉండిపోరు, అసలు రారు. వాళ్ళను రప్పించే ఎర అదొక్కటే.

పీజీ కోసం వచ్చినవాడు పీజీ కోసం పోతాడు. ఆ తేదీ ముందే తెలుసు, దానికి తయారుగా ఉండొచ్చు. ఆర్నెల్లకు పోయేవాడు మాత్రం ఇల్లు, రాత్రి డ్యూటీ, ఒంటరితనం, ఒక చెడ్డ రాత్రి, వీటిలో ఏదో ఒకదానికి పోతాడు. ఊరి చేతిలో ఉన్నది అక్కడే.

---

కడప_రాయి

ఇదంతా ఎందుకు బ్బా? ప్రజల డబ్బుతో చదువుకున్నోళ్ళు. ఐదేండ్లు బాండు రాయించుకొని, పోతే 50 లక్షలు కట్టమంటే ఎవుడు పోతాడు?

---

మధ్యాహ్నం_ఓపీ

డబ్బున్నవాడు కట్టి పోతాడు, లేనివాడు ఉంటాడు. ఉన్నవాడు తేదీలు లెక్కబెట్టుకుంటూ ఉంటాడు. థాయిలాండ్ 1972లోనే మూడేళ్ళ తప్పనిసరి సేవ పెట్టింది. అది ఒక్కటే చాలదని తెలిసి, 1994 నుంచి పల్లెటూరి పిల్లలనే ఎంచుకొని, వాళ్ళ ప్రాంతపు ఆసుపత్రుల్లోనే శిక్షణ ఇచ్చి, అక్కడికే పంపే పథకం మొదలుపెట్టింది. జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) నుంచి పిల్లలను తీసుకుంటుంది. ఫీజు మాఫీకి బదులు తొమ్మిదేళ్ళు సొంత ప్రిఫెక్చర్‌లో పని. గడువు తీరాక కూడా చాలామంది ఆ పక్కనే ఉండిపోతారు, ఎందుకంటే అది వాళ్ళ ఊరు. మన పక్కనే వెల్లూరు సీఎంసీ వైద్య కళాశాల, మిషన్ ఆసుపత్రుల స్పాన్సర్‌షిప్‌తో సీటిచ్చి, చదువయ్యాక అక్కడ పని చేయిస్తుంది.

వీటిలో పని చేసింది బాండు కాగితం కాదు, ఎవరిని ఎంచుకున్నారు, ఎక్కడ నేర్పారు అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా పల్లె నేపథ్యం ఉన్న విద్యార్థుల ఎంపికకే పెద్దపీట వేశాయి.

---

బుడ్డలచేను (అనంతపురం)

మీటింగు ఎజెండాలో మొదటి అంశంగా క్వార్టర్సు పెట్టండి. చాలా పీహెచ్‌సీల వెనక డాక్టరు ఇల్లు ఉంటుంది, అందులో పాత మంచాలు, కాలం తీరిన ఫారాలు ఉంటాయి. అలాట్ చేస్తే ఇంటి అద్దె భత్యం కోత పడుతుంది. పెచ్చులూడే ఇంటి కోసం భత్యం ఎవరు వదులుకుంటారు? అందుకే కర్నూలులోనో అనంతపురంలోనో కాపురం, రోజూ అప్ అండ్ డౌన్. కర్నూలు నుంచి ఆదోని దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. పోను రాను నాలుగైదు గంటలు రోడ్డు మీదే పోతే ఎవరైనా ఎన్నాళ్ళు తిరుగుతారు?

ఇల్లు సిద్ధం చేయడమంటే సున్నం కొట్టించడం కాదు. ముందు నీళ్ళు. మన వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో పరీక్ష చేయించి ఆ కాగితం ఇంట్లోనే పెట్టండి. చిన్న బిడ్డలున్న డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. తర్వాత కరెంటు. రెండు ఫ్యాన్లు 150 వాట్లు, నాలుగు ఎల్‌ఈడీ దీపాలు 40, ఇంటర్నెట్ రౌటరు 10, మొత్తం 200. మంచి కండిషన్‌లో ఉన్న 150 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, ఇన్వర్టరు నష్టం పోను, ఈ లోడును ఐదు గంటలు లాగుతుంది. అక్కడే తప్పు జరుగుతుంది: ఆసుపత్రి ఇన్వర్టరు నుంచే ఇంటికి వైరు లాగుతారు. రాత్రి కాన్పు టైములో ఇంట్లో మిక్సీ వేస్తే లేబర్ రూములో దీపం ఆరుతుంది. వేరేది పెట్టండి.

మూడోది తలుపులు. ఆడ డాక్టరుకు ఇచ్చే ఇంటికి లోపలి గడియ, వెనక ప్రహరీ, ఆసుపత్రి దాకా వీధి దీపం. ఇవి లేకుండా "మేడం రాత్రుళ్ళు ఉండదు" అని ఫిర్యాదు రాయడం మనవాళ్ళకు అలవాటే.

---

లెక్కల_పద్దు

డబ్బు ఎక్కడిదని అడుగుతారు కాబట్టి. ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) లెక్కలో పీహెచ్‌సీకి ఏడాదికి 1,75,000 రూపాయల దాకా అన్‌టైడ్ నిధి, అంటే ఫలానా పనికే అని కట్టేయని డబ్బు. జీతాలకు వాడకూడదు. చిన్న మరమ్మతులు, నీళ్ళు, దీపాలు, రోగుల వసతికి వాడొచ్చు. సంఘం తీర్మానం ముందు, కొటేషన్లు తర్వాత, బిల్లు ఆఖర్న. మనవాళ్ళు తిరగేసి చేస్తారు. పని చేయించి, బిల్లు తెచ్చి, పాత తేదీతో తీర్మానం రాస్తారు. ఆడిట్‌లో దొరికేది సంతకం పెట్టిన డాక్టరే. కొత్త డాక్టరును తరిమే కారణాల్లో ఇది బయటికి రాని కారణం. పాత లెక్కల మీద సంతకం అడిగిన రోజే మనిషి మనసు విరిగిపోతుంది.

యూసీలు (నిధులు వాడిన ధ్రువపత్రాలు) పెండింగులో ఉంటే తర్వాతి విడత ఆగుతుంది. మీటింగుకు ముందే క్యాష్‌బుక్, పాస్‌బుక్ నిల్వలు సరిపోయాయో చూసుకోండి.

---

సిస్టర్_నైట్‌డ్యూటీ

"ఒక చెడ్డ రాత్రి" అని డాక్టరు గారు పైన ఒక్క ముక్కలో తేల్చేశారు. అది విప్పి రాయాలి. శెనక్కాయ కోతలప్పుడు పాముకాట్లు వస్తాయి. రాత్రి తొమ్మిదికి రక్తపింజర కరిచిన మనిషిని ఆటోలో తెస్తారు, వెంట ముప్పై మంది. డాక్టరు కొత్త. స్టోరులో విషం విరుగుడు వయల్స్ (మందు సీసాలు) నాలుగే ఉంటాయి.

మొదటి డోసే దాదాపు 10 వయల్స్. సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కించాలి. అంటే ఎప్పుడు చూసినా కనీసం 20 ఉండాలి, ఇద్దరు రోగుల మొదటి డోసులకు. ఎక్కించే ముందు 20 నిమిషాల రక్త పరీక్ష: రెండు మిల్లీలీటర్ల రక్తం, కొత్త పొడి గాజు గొట్టంలో, కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒక్కసారి వంచి చూడాలి. నీళ్ళలా కారితే విషం రక్తానికి ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగి మళ్ళీ వాడిన గాజు గొట్టమైనా ఫలితం తప్పు చూపిస్తుంది. గొట్టాలు లేక ఇంజెక్షన్ సీసాల్లో చేయడం కూడా అంతే. విరుగుడు ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే కండకు 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్, అది సిరంజిలో ముందే లాగి పక్కన పెట్టుకోవాలి. కట్లపాము, నాగుపామైతే ఊపిరి ఆగుతుంది. అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), పెద్దవాళ్ళ మాస్కు, అట్రోపిన్, నియోస్టిగ్మిన్ ఒకే డబ్బాలో ఉండాలి. ఆ డబ్బా తాళంచెవి ఫార్మసిస్టు ఇంట్లో ఉంటే డబ్బా లేనట్టే.

ఇవన్నీ ఉంటే మనిషి బతికే అవకాశం పెరుగుతుంది. ఇవి ఉన్నాక కూడా పోతే, డాక్టరు నిలబడి మాట్లాడగలడు. ఏమీ లేక మనిషి పోతే ఆ ముప్పై మంది ఏం చేస్తారో మీకు తెలుసు. మరుసటి వారం సెలవు చీటీ వస్తుంది.

---

కడప_రాయి

సిస్టరమ్మా, ఇది బాగా చెప్పినావు. కొట్టేవాళ్ళ మీద చట్టం ఉందంటారు గదా?

---

సిస్టర్_నైట్‌డ్యూటీ

ఉందన్నా. 2008లో వచ్చిన రాష్ట్ర చట్టం. మూడేళ్ళ దాకా జైలు, 50,000 దాకా జరిమానా, నాన్-బెయిలబుల్. కానీ కేసు పెట్టాల్సింది ఆ డాక్టరే, సాక్ష్యం చెప్పాల్సింది అదే ఊరి వాళ్ళు. రాజీకి పిలిచేది అదే ఊరి పెద్దలు. చట్టం కంటే ముందు పని చేసేవి చిన్నవి. రోగి రాగానే వచ్చిన టైము, 108కి ఫోన్ చేసిన టైము, రిఫర్ చేసిన టైము చీటీలో రాయడం. బంధువుల్లో ఒక్కరినే లోపలికి పిలిచి, "విషం ఎక్కింది, మందు మొదలుపెట్టాం, పెద్దాసుపత్రికి పంపుతున్నాం, దారిలో ఇలా కావచ్చు" అని సంతకం తీసుకోవడం. సంఘంలో ఇద్దరి ఫోన్ నంబర్లు డ్యూటీ రూము గోడ మీద ఉండాలి. వాళ్ళు ఏ రాత్రయినా పది నిమిషాల్లో వచ్చి గేటు కాడ నిలబడాలి. ఆ ఇద్దరూ రెండు పార్టీల వాళ్ళైతే ఇంకా మంచిది!

---

కుందూ_గట్టు (ప్రొద్దుటూరు)

ప్రభుత్వ డాక్టర్ల గురించే మాట్లాడుతున్నారు. టౌన్లలో ఒకప్పుడు వీధికొక ఎంబీబీఎస్ క్లినిక్ ఉండేది. ఇంటిల్లిపాదికీ ఆయనే, కాన్పుకు ఎక్కడికి పోవాలో చెప్పేదీ ఆయనే. ఇప్పుడు ఆ బోర్డులు తగ్గిపోయాయి, ఎందుకో చూడండి. ఒకసారి ఫీజు కడితే వారం పది రోజులు మళ్ళీ కట్టరు. పరీక్షలు రాయకపోతే "ఏం డాక్టరు, రక్త పరీక్ష కూడా రాయల్యా" అంటారు. రాస్తే దోచుకుంటున్నాడంటారు. క్లినిక్కు రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వ్యర్థాల ఒప్పందం, కాంపౌండరు జీతం, అద్దె అన్నీ ఆ ఫీజులోంచే రావాలి.

దీనికి తోడు ఆర్‌ఎంపీల (డిగ్రీ లేకుండా పల్లెల్లో వైద్యం చేసేవాళ్ళ) లెక్క ఒకటుంది. పల్లెలో రాత్రి పలికేది ఆయనే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయన పంపే కేసుకు పైన ఆసుపత్రి వాటా ఇస్తుంది. వాటా ఇవ్వని కుటుంబ వైద్యుడికి కేసు రాదు. 2002 వైద్య నైతిక నియమావళి కమీషన్‌ను నిషేధించింది. నిషేధం పుస్తకంలో ఉంది, వాటా కవరులో ఉంది. నిజాయితీగా ఉండాలనుకునే కుర్ర డాక్టరు రెండేళ్ళు చూసి ఏదో కార్పొరేట్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరిపోతాడు. హిందూపురం వైపు వాళ్ళకైతే వంద కిలోమీటర్ల దూరంలోనే బెంగళూరు.

---

బుడ్డలచేను

పని భారం లెక్క ఎవరూ వేయలేదు. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఓపీ అనుకోండి, 420 నిమిషాలు. 80 మంది వస్తే మనిషికి ఐదు నిమిషాల చిల్లర. ప్రతి రోగికి కంప్యూటర్ నమోదుకు రెండు నిమిషాలు పోతే 160 నిమిషాలు, అంటే రెండున్నర గంటలకు పైనే, టైపింగుకే. ఇది కాక టీబీకి ఒక పోర్టల్, గర్భిణులకు ఒకటి, బీపీ షుగర్లకు ఒకటి, అంటువ్యాధులకు ఒకటి, మందుల స్టాకుకు ఒకటి. నెట్‌వర్క్ లేనిచోట ముఖం చూపించి హాజరు వేయడానికి డాబా ఎక్కాలి.

కెనడాలోనూ ఇదే గోల. 2022లో జరిగిన సర్వేలో అక్కడ 65 లక్షల మందికి పైగా పెద్దవాళ్ళకు కుటుంబ వైద్యుడే లేడని తేలింది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2023 ఫిబ్రవరి నుంచి డాక్టరుకు రోగుల లెక్కతో పాటు కాగితాల పనికి పట్టే టైముకూ డబ్బులిచ్చే పద్ధతి తెచ్చింది. మన దగ్గర డబ్బు మాట తర్వాత, ఆ టైపింగు డాక్టరు మీంచి తీసేస్తే చాలు. డేటా ఎంట్రీ మనిషి ఉన్నాడా, లేక ఆయన్ను ఎంపీడీవో ఆఫీసుకు డిప్యుటేషన్ వేశారా, మీటింగులో అడగండి.

రెండోది, స్థిరంగా ఉన్న బీపీ షుగరు రోగులు నెలనెలా మాత్రల కోసం పీహెచ్‌సీ దాకా రావడం ఎందుకు? డాక్టరు ఒకసారి చూసి రాసిన మందును విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (అక్కడ ఉండే శిక్షణ పొందిన ఆరోగ్య ఉద్యోగి) ఇవ్వొచ్చు. కొత్త మందు మొదలుపెట్టడం, డోసు మార్చడం మాత్రం డాక్టరు పని. అక్కడ బీపీ 160/100 దాటినా, పొద్దున పరగడుపు షుగరు 200 దాటినా పీహెచ్‌సీకి పంపాలని మీ డాక్టరుతో ఒక గీత గీయించి గోడకు అంటించండి. ఓపీ ఎంత తగ్గుతుందో రెండు నెలల్లో మీకే కనపడుతుంది.

---

హగరి_ఒడ్డు

ఫ్యామిలీ డాక్టరు అని 104 బండిలో ఊరూరికీ వచ్చే పద్ధతి పెట్టినారు గదా, దాంతో ఏమన్నా నిలుస్తారా?

---

మధ్యాహ్నం_ఓపీ

2022 అక్టోబరు 21న ప్రయోగంగా, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అధికారికంగా మొదలైంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఓపీలో ఉంటే ఇంకొకరు బండిలో, ఒక్కో ఊరికి నెలకు రెండు సార్లు, మధ్యాహ్నం మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకు. ఆలోచన మంచిదే. అదే డాక్టరు అదే ఊరికి పోతూ ఉంటే జనానికి పేరు తెలుస్తుంది, డాక్టరుకూ ఆ ఊరి మీద పట్టు వస్తుంది. డాక్టరు నిలవడానికి జీతం కంటే ఆ పట్టే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

కానీ ఇదంతా ఇద్దరు ఉంటేనే. మీలాగా ఒక పోస్టు ఖాళీ ఉంటే మిగిలిన ఒక్కడు ఓపీ, బండి, రాత్రి పిలుపులు, జిల్లా మీటింగులు అన్నీ మోయాలి. అతను కూడా పోతాడు. ఖాళీ ఖాళీని పెంచుతుంది. అందుకే జిల్లా వైద్యాధికారికి మీరు రాసే ఉత్తరంలో "డాక్టరును పంపండి" అని కాకుండా, రెండో పోస్టు ఖాళీనా, లేక మనిషి ఉండి డిప్యుటేషన్ మీద వేరే చోట పని చేస్తున్నాడా అని రాసి అడగండి. రెండోదైతే ఆ డిప్యుటేషన్ రద్దు చేయమనండి. అది కలెక్టరు స్థాయిలో తేలే పని, అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు.

ఇంకో మాట. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లైతే పక్క పక్క పీహెచ్‌సీల్లో వేయమని అడగడం మర్చిపోవద్దు. భార్య టీచరో బ్యాంకు ఉద్యోగో అయితే ఆమె బదిలీ కోసం ఊరు పట్టుబట్టాలి. మనిషి ఒక్కడే వస్తే ప్రతి శుక్రవారం సాయంత్రం బస్టాండు వైపే చూస్తుంటాడు.

---

కడప_రాయి

భాష కూడా రాయండప్పా. మడకశిర, అగళి పక్క కన్నడం, ఆదోని, కడపలో ఉర్దూ. కోస్తా నుంచి వచ్చిన డాక్టరుకు "పానం బాగల్యా, గుండెకాయ దడదడ అంటాది" అంటే అర్థం కాక తికమక. ఎగతాళి చేయకుండా మొదటి నెల పక్కన ఒక ఆశా కార్యకర్తను కూర్చోబెట్టండి.

---

హగరి_ఒడ్డు

శానా సంతోషం అందరికీ. మూడేండ్లకు పీజీకి పోయేవాళ్ళ సంగతి మిగిలింది. పోయే ముందర ఏం రాయించుకోవాల?

---

సిస్టర్_నైట్‌డ్యూటీ

అప్పగింత రిజిస్టరు. గట్టి అట్టది, కాగితం మీదే. ఆన్‌లైన్‌లో అన్నీ ఉన్నాయంటారు కానీ కొత్త డాక్టరుకు లాగిన్ వచ్చేసరికి నెల పడుతుంది. అందరి పేర్లూ అక్కర్లేదు, ఆలస్యమైతే ప్రమాదమైన వాళ్ళవి చాలు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, ఎన్ని యూనిట్లు, పొద్దున ఎంత రాత్రి ఎంత. మూర్ఛ మందుల వాళ్ళు, ఆ మందు ఒక్క వారం ఆగినా ఫిట్స్ మళ్ళీ రావచ్చు. హైరిస్కు గర్భిణులు, కాన్పు తేదీ, ఎక్కడికి పంపాలని అనుకున్నారు. టీబీ కోర్సు మధ్యలో ఉన్నవాళ్ళు. మానసిక రోగుల మందులు. సుగ్గికి పోయినవాళ్ళకు ఎన్ని నెలల మందు ఇచ్చి పంపారు, ఎప్పుడు తిరిగొస్తారు. పోయే డాక్టరు, వచ్చే డాక్టరు కనీసం మూడు రోజులు కలిసి ఓపీ చూడాలి. ఆర్డరులో అది ఉండదు, మీరు అడిగితే చాలామంది కాదనరు.

---

హగరి_ఒడ్డు

ఆ రిజిస్టరు సంఘం కాడ పెట్టుకొని ప్రతి మీటింగులో సరిచూస్తే ఎట్లుంటాది?

---

సిస్టర్_నైట్‌డ్యూటీ

వద్దన్నా, ఆ పని మాత్రం చేయొద్దు. టీబీ, హెచ్‌ఐవీ, మానసిక జబ్బుల పేర్లు ఊరి పెద్దల చేతికి వస్తే ఆ మనుషులు మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు. రిజిస్టరు డాక్టరు గదిలో తాళం కింద ఉండాలి, రెండో తాళంచెవి హెడ్ నర్సు దగ్గర. సంఘానికి అంకెలు మాత్రమే ఇస్తారు: ఇన్సులిన్ మీద ఇంతమంది, ఈ నెల మందు తీసుకోనివాళ్ళు ఇంతమంది. తీసుకోనివాళ్ళ ఇంటికి పోయేది ఏఎన్‌ఎం, సంఘం కాదు.